మా ఆవిడను చూడటానికి వచ్చినవాళ్ళు

ఆ వానాకాలం మొదట్లో మా ఆవిడకి గోడలు కదలడం మొదలైంది.

ఒక పొద్దున లేచి మంచం మీద కూర్చుని, దిండుని రెండు చేతులా పట్టుకుని, "ఏమండీ, ఆ గోడని కాస్త ఆపండి" అంది. నేను నవ్వాను. తనూ నవ్వబోయి, పక్కకి ఒరిగి, నేల మీద వాంతి చేసుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరం గోడల మాటకి నవ్వలేదు.

తను సీసాల ఫ్యాక్టరీలో పనిచేసేది. మందులు పోసే గాజు సీసాలు బెల్టు మీద బారులు తీరి వస్తుంటాయి. వాటి వెనక తెల్లటి దీపం వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో పగులుగానీ బుడగగానీ కనపడితే ఆ సీసాని ఠక్కున లాగి పక్కన తొట్టిలో పడెయ్యాలి. కుడినుంచి ఎడమకి, కుడినుంచి ఎడమకి, షిఫ్టంతా అదే చూపు. బెల్టు పక్కన కూర్చునే ఆరుగురు ఆడవాళ్ళని కలిపి 'బల్ల' అంటారు. మా ఆవిడ బల్ల ఫ్యాక్టరీలో పేరున్న బల్ల. వాళ్ళ చేతుల్లోంచి చెడ్డ సీసా పోదని చెప్పుకునేవారు.

ఫ్యాక్టరీ డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, చెవి లోపల తేడా వచ్చిందనీ, కొన్నాళ్ళు కదిలే వస్తువుల్ని చూడకూడదనీ, పడుకోవాలనీ సెలవు రాశాడు. జ్వరం లేదు. వాపు లేదు. కట్టు లేదు. కదలకుండా పడుకుంటే మామూలు మనిషే. ఒక్కోసారి లేచి కాసేపు తిరిగేది కూడా. అప్పుడే, తగ్గిందిలే అని మేం అనుకునేసరికి, గడప దగ్గర కూలబడి, "నన్ను ముట్టుకోకండి, ఇల్లంతా తిరిగిపోతోంది" అనేది.

"చూపించుకోవడానికి ఒక పుండన్నా లేని ఈ జబ్బేమిటే తల్లీ" అనేది మా అత్తగారు. ఆవిడ మా దగ్గరే ఉండేది. మనసులో ఉన్నది నోట్లో ఆగే మనిషి కాదు.

నేను దర్జీని. ముందుగదిలో కిటికీ దగ్గర నా మిషను. పొద్దున స్నానం చేసి, దేవుడి పటం ముందు దీపం పెట్టి, కాసేపు కూర్చుంటే తప్ప ఆ మిషను ముట్టుకోను. ఆ కిటికీ, ఆ గది, లోపల అత్తగారి మంచం పట్టిన ఆ మూల, అన్నీ ఫ్యాక్టరీవాళ్ళ క్వార్టర్సు. మా ఆవిడకి ఫ్యాక్టరీలో బల్ల దగ్గర కుర్చీ ఉన్నన్నాళ్ళే మాకు ఆ ఇల్లు. కుర్చీ పోతే మిషనూ మంచమూ వీధిలో ఉంటాయి. ఈ సంగతి మేం ఎప్పుడూ పైకి అనుకునేవాళ్ళం కాదు.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. నెలంతా అందరూ వచ్చిన బల్లకి పొద్దుటి షిఫ్టు. ఒక్క కుర్చీ ఖాళీ అయినా ఆ బల్ల మొత్తానికి రాత్రి షిఫ్టు. జబ్బు ఒకరిది, జాగారం ఆరుగురిది. అందుకని ఎవరైనా పడుకుంటే సూపర్‌వైజరు ఏమీ అననక్కర్లేదు. మిగతా ఐదుగురూ చూసుకునేవాళ్ళు. వెళ్ళి పలకరించి రావడం ముందు వాళ్ళలో వాళ్ళు మంచికి పెట్టుకున్న అలవాటే. తర్వాత్తర్వాత సూపర్‌వైజరు, "ఏమ్మా, చూసొచ్చారా? ఎలా ఉంది?" అని అడగడం మొదలుపెట్టాడు. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటారు?

మా ఆవిడ పడుకోవడంతో వాళ్ళ బల్ల రాత్రి షిఫ్టుకి మారింది.

ఒక సాయంత్రం బాగా వానపడుతుండగా ఇద్దరు వచ్చారు. బల్లలో అందరికంటే పెద్దావిడ, ఆవిడని అందరూ పెద్దక్క అంటారు. ఇంకో అమ్మాయి పిచ్చుక. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని మా ఆవిడే పెట్టిన పేరు. పిచ్చుకకి పాలు తాగే బిడ్డ. మా ఆవిడంటే ప్రాణం.

"అన్నయ్యా, వదిన ఇంట్లోనే ఉందా, షికారు వెళ్ళిందా?" అంటూ గొడుగు దులుపుకుని లోపలికొచ్చింది పిచ్చుక.

"ఆ, మంచమెక్కి ఊరేగుతోంది. రా" అంది లోపల్నుంచి మా ఆవిడ. నాకు సంతోషమేసింది. చాలా రోజుల తర్వాత తన గొంతులో ఆ ఎకసెక్కెం విన్నాను.

ఇద్దరూ వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు. ఒక సంచిలో పళ్ళు తెచ్చారు. పిచ్చుక కళ్ళ కింద నల్లగా ఉంది. బిడ్డ రాత్రంతా ఏడుస్తుంటే పక్కింటావిడ పంచదార నీళ్ళు పట్టి ఊరుకోబెడుతోందని చెప్పింది. చెప్పి, "నిన్ను అనట్లేదు వదినా" అంది.

"అంటే మాత్రం ఏమైందే" అంది మా ఆవిడ.

"ఏమే, టీ నీళ్ళన్నా లేకుండా కూర్చోబెట్టావు వాళ్ళని" అని మా అత్తగారు తన మూలలోంచి అందుకుంది. "గుమ్మం తొక్కి వానలో వచ్చిన మనుషులు. నా కాళ్ళు బాగుంటే నేనే లేద్దును."

"నేను పెడతాను" అని మిషను మీంచి లేచాను.

"మీరు పెట్టే టీ తాగితే వాళ్ళకీ తల తిరుగుతుంది" అంది మా ఆవిడ. అందరూ నవ్వారు. తను మెల్లిగా లేచింది.

"మాకేం వద్దే, పడుకో" అంది పెద్దక్క. కానీ కాళ్ళు ముడుచుకుని ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

మా ఆవిడ గోడ పట్టుకోలేదు. వాళ్ళ ముందు పట్టుకోవడం తనకి చిన్నతనంగా అనిపించి ఉంటుంది. వంటింట్లోకి మామూలుగా నడిచి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి చూస్తే, ఒక చేత్తో గట్టుని పిడికిలి తెల్లబడేలా పట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండో చేత్తో గిన్నెలో పాలు పోస్తోంది. నేను దగ్గరకి వెళ్ళబోతే తల అడ్డంగా ఊపలేక, వేలు ఊపింది. కప్పులు పళ్ళెంలో పెట్టుకుని, నవ్వు మొహంతో తీసుకెళ్ళి, నిలబడి ఇద్దరికీ ఇచ్చింది.

"అబ్బ, నీ చేతి టీ తాగి ఎన్నాళ్ళయింది" అంది పిచ్చుక.

వాళ్ళని గుమ్మందాకా సాగనంపింది. వాళ్ళ గొడుగు మలుపు తిరిగాక తలుపు వేసి, ఆ తలుపుకే ఆనుకుని జారిపోయింది. అత్తగారు మూలలోంచి చూస్తుండగా నేనే ఎత్తి మంచం మీదికి చేర్చాను. మర్నాడంతా మంచినీళ్ళు కూడా లోపల ఇమడలేదు.

ఆ వారంలోనే విచారణకి రమ్మని కబురొచ్చింది. సెలవు అబద్ధమని అనుమానమట.

కార్మికులకి తోడుగా ఇంట్లోవాళ్ళు ఒకరు కూర్చోవచ్చు, మాట్లాడకూడదు. అది వాళ్ళ నియమం. నేను వెళ్ళి కూర్చున్నాను. చిన్న గది. కిటికీ అవతల తొట్ల కొద్దీ పగిలిన సీసాలు, వాటి మీద వాన. విచారణ చేసే ఆయన నెమ్మదస్తుడు. గొంతు పెద్దది చెయ్యలేదు. రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, "ఏమీ అనుకోకండి, నాకూ ఒంట్లో బాగాలేదు. అయినా వచ్చాను" అన్నాడు.

సూపర్‌వైజరు ఒక పక్క నిలబడ్డాడు. ముందు పిచ్చుకని పిలిచారు. మా వైపు చూడలేదు ఆ పిల్ల. నిద్ర లేక మొహం పీక్కుపోయి ఉంది.

"మీరు వెళ్ళేసరికి ఆవిడ ఎలా ఉంది?"

"పడుకుని ఉందండి."

"తర్వాత?"

"లేచిందండి."

"ఎవరన్నా లేపారా? పట్టుకున్నారా?"

"లేదండి. తనే లేచింది."

"లేచి ఏం చేసింది?"

"టీ పెట్టిందండి."

"ఎలా ఉంది?"

పిచ్చుక తికమక పడింది. "టీ అండీ?"

ఆయన నవ్వాడు. సూపర్‌వైజరూ నవ్వాడు. "టీ సంగతే చెప్పమ్మా."

"బాగుందండి" అంది పిచ్చుక, ఏడుపు గొంతుతో.

పెద్దక్క కూడా అదే చెప్పింది. నవ్విందా అంటే నవ్విందంది. గుమ్మందాకా వచ్చిందా అంటే వచ్చిందంది. తాను పడుకోమన్నానని కూడా చెప్పింది. "మీరు పడుకోమన్నా ఆవిడ పడుకోలేదన్నమాట" అన్నాడాయన. పెద్దక్క కాసేపు ఆలోచించి, "అంతేనండి" అంది.

అప్పుడాయన మా ఆవిడ వైపు తిరిగాడు. "వీళ్ళు చెప్పినదాంట్లో అబద్ధమేమన్నా ఉందామ్మా?"

"లేదండి."

"అంతా నిజమేనా?"

"నిజమేనండి. వాళ్ళు వెళ్ళాక పడిపోయానండి."

"ఎవరు చూశారు?"

"మా ఆయన. మా అమ్మ."

"ఇంట్లోవాళ్ళు" అన్నాడాయన, నా వైపు జాలిగా చూస్తూ. నేను నోరు తెరిస్తే బయటికి పంపేస్తారు. నేను మూసుకున్న నోట్లోనే దేవుణ్ణి తలచుకున్నాను. ఏమని అడగాలో తెలియలేదు. అబద్ధాలాడేవాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడని చిన్నప్పట్నుంచీ విన్నాను, నలుగురికీ చెప్పాను. ఆ గదిలో ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ నిజమే చెప్పి మా ఆవిడని ముంచుతున్నారు. అటువంటప్పుడు ఎవరిని చూసుకొమ్మని అడగను?

"డాక్టరుగారు రాసిచ్చారు కదండీ" అంది మా ఆవిడ.

"మీరు తిరుగుతోందన్నారు, ఆయన రాశారు. మీ తల లోపల తిరుగుతున్నదాన్ని ఆయన మాత్రం ఎలా చూస్తారమ్మా?" మళ్ళీ ముక్కు తుడుచుకున్నాడు. "ఇంటికొచ్చిన ఇద్దరికోసం లేచి నిలబడగలిగిన మనిషి, బల్లలో ఐదుగురికోసం వచ్చి కూర్చోలేకపోయింది. ఈ పిల్ల మొహం చూడండి ఒకసారి."

మా ఆవిడ పిచ్చుక మొహం చూసింది. పిచ్చుక తల దించుకుంది.

"పోనీ, నిజంగానే జబ్బు ఉందనుకుందాం" అన్నాడాయన. "తగ్గుతుందో లేదో తెలియదు, మళ్ళీ వస్తుందేమో తెలియదు. అటువంటి మనిషి సీసాలు ఎలా చూస్తుంది? ఆ కుర్చీకి పనికిరాదు. జబ్బు లేదంటారా, అది ఒక తప్పు. తప్పు ఎవరైనా చేస్తారు. తప్పుని మేం క్షమించగలం, జబ్బుని క్షమించలేం కదా. మీ బల్ల ముందు నిలబడి, నాకు జబ్బు లేదు, బద్ధకించి పడుకున్నాను, నావల్ల మీరు రాత్రులు చేశారు, క్షమించండి అని ఒక్క ముక్క చెప్పండి. మీ కుర్చీ మీదే. ఎల్లుండి చెప్పండి. ఆలోచించుకోండి, తొందరేం లేదు."

బయటికొచ్చాక మా ఆవిడ గోడ పట్టుకుని నడిచింది. అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు.

ఆ సాయంత్రం మా అత్తగారు సంగతంతా విని, "చెప్పి పారెయ్యవే. నోటి మాటేగా. ఇంటికొచ్చి పుక్కిలించి ఉమ్మేసెయ్యి" అంది.

"నువ్వు ఊరుకోమ్మా."

"ఊరుకుంటాను. ఎక్కడ ఊరుకోమంటావు? ఈ మంచం తీసుకెళ్ళి ఏ చెట్టు కింద వేసుకుని ఊరుకోను?"

నేను, "నీకు చెప్పాలని లేకపోతే చెప్పొద్దు. ఎక్కడికైనా పోదాం" అన్నాను.

"ఎక్కడికి?" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నా దగ్గర ఏదో ఊరి పేరు ఉందనుకుని అడిగింది.

నేను పటం వైపు చూశాను.

"అటు చూడకండి. నన్ను చూసి చెప్పండి" అంది.

ఆ మాట తను ఎప్పుడూ అనలేదు. పెళ్ళయినప్పట్నుంచీ నా పూజ వేళకి చప్పుడు కూడా చెయ్యని మనిషి. నేను తనవైపు చూశాను.

తర్వాత తను లేచి, మేకుకి వేలాడుతున్న యూనిఫాం తీసుకొచ్చి నా మిషను మీద పెట్టింది. "నడుం దగ్గర వదులైంది. కాస్త పట్టెయ్యండి, ఎల్లుండికి కావాలి" అంది.

నేను కొలిచి, ఇటూ అటూ చెరి వేలెడు లోపలికి పట్టాను. జబ్బు లేదని చెప్పడానికి వెళ్ళే మనిషికి, జబ్బు తినేసినంత గుడ్డ మడిచి కుట్టాను. కుట్టు బాగా వచ్చింది. ఏం చెయ్యను, చెయ్యి తిరిగిన పని.

తను చెప్పిన రోజు ఫ్యాక్టరీ లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. పిచ్చుక వచ్చి చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల మొహం తేటపడింది. చంకలో బిడ్డ.

"అన్నయ్యా, వదిన ఎంత బాగా చెప్పిందో! ఒక్క ముక్క తడబడలేదు. బెల్టు చప్పుడుకి వినపడలేదని సూపర్‌వైజరు అంటే మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది, గట్టిగా. మూడో బల్లవాళ్ళకి కూడా వినపడింది. పెద్దక్క చప్పట్లు కొడితే మేమందరం కొట్టాం. రేపట్నుంచి మాకు పొద్దుటి షిఫ్టు!" అని, బిడ్డ తలమీద ముద్దుపెట్టుకుంటూ ఏడ్చింది. "ఇంక వీడు నా పక్కన పడుకుంటాడు. వదినకి చెప్పు అన్నయ్యా, నేను ఆవిడ్ని ఎప్పటికీ మర్చిపోను."

వదిన పక్కగదిలోనే ఉంది, గోడవైపు తిరిగి. వినపడకుండా ఎలా ఉంటుంది?

ఆ బిడ్డ నా వేలు పట్టుకుని ఊపుతున్నాడు. ఆ పిల్ల చెప్పినదాంట్లో మాయ ఏమీ లేదు. తనకి మంచి జరిగింది, సంతోషంగా ఉంది, ఆ సంతోషం మాకు చెప్పడానికే వచ్చింది.

మా ఆవిడ మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. గోడలు కదలడం మాత్రం ఆగలేదు. సీసాలు చూస్తూ ఉండలేక, బెల్టుకి అవతల ఉన్న ఒక బోల్టు మీద చూపు నిలిపి కూర్చునేదట. సీసాలు ఆ బోల్టు ముందునుంచి నీడల్లా పోయేవట. మంచి సీసాలో, పగిలినవో. మధ్యమధ్య ఒకటి ఊరికే లాగి తొట్టిలో పడేసేదట, తొట్టి ఖాళీగా ఉంటే అనుమానం వస్తుందని. ఒకసారి తనే చెప్పింది ఇదంతా, సంత సంగతి చెప్పినట్టుగా. ఆ సీసాల్లో పోసిన మందు ఎవరు తాగుతారో అని నేను అనబోయి మానేశాను. ఆ రాత్రి దేవుడి ముందు కూర్చున్నప్పుడు మాత్రం, ఆ తాగేవాళ్ళ కోసం అడిగాను. వాళ్ళెవరో తెలియదు కాబట్టి అడగడం తేలికైంది. మా ఆవిడ కోసం అడగడమే కష్టంగా ఉండేది. ఏమని అడగాలి? జబ్బు తగ్గించమనాలంటే, లేదని అందరి ముందూ చెప్పిన జబ్బు అది.

ఇంట్లో కూడా అంతే. ఒక పొద్దున తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోతే, "ఏమే, తిరుగుతోందా?" అంది మా అత్తగారు.

"నాకే జబ్బూ లేదు. వినలేదా, ఊరంతా విందిగా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా చూశాను. కాలువ గట్టు మీద నడుస్తున్నట్టు, ప్రతి అడుగూ చూసి వేసింది.

వానలు తగ్గుతుండగా పెద్దక్క పడుకుంది. ఆయాసం. రెండు మెట్లు ఎక్కితే గుక్క అందడం లేదట. డాక్టరు సెలవు రాశాడు. బల్ల మళ్ళీ రాత్రి షిఫ్టుకి మారింది. పగలు బోల్టు కనపడేది, రాత్రి దీపాల కింద అదీ సరిగా కనపడదని మా ఆవిడ అంది. రాత్రి షిఫ్టునుంచి వచ్చి పగలు పడుకునేది, కళ్ళు మూస్తే సీసాలు ఇంకా పోతూనే ఉంటాయనేది. అన్నం కలిపిన చెయ్యి నోటిదాకా రాకుండానే కంచంలో ఆగిపోయేది. పిచ్చుక బిడ్డకి మళ్ళీ పంచదార నీళ్ళు.

పెద్దక్కని చూసి రావడానికి సూపర్‌వైజరు మా ఆవిడని వెళ్ళమన్నాడు. "నువ్వయితే బాగా చూస్తావమ్మా, నీకు తెలుసుగా" అన్నాడట.

ఒక సాయంత్రం, షిఫ్టుకి ముందు, తనూ పిచ్చుకా కలిసి వెళ్ళారు. పళ్ళు కొనుక్కుని వెళ్ళారు. తను తిరిగి వచ్చేసరికి నేను ఒక చొక్కాకి కాలరు కుడుతున్నాను. గుమ్మంలో కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది.

"ఎలా ఉంది పెద్దక్క?" అన్నాను.

"ఉంది."

"పడుకునే ఉందా?"

"మేం వెళ్ళేసరికి పడుకుని ఉంది. మాట్లాడుతుంటే మధ్యలో ఆగిపోతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు."

నాకు కాస్త ఊపిరి వచ్చింది. "పాపం" అన్నాను. "పోనీలే, మీ కోసం లేవలేదు."

తను పమిటతో మొహం తుడుచుకుంది. తుడుచుకుంటున్నంతసేపూ నాకు తన మొహం కనపడలేదు.

"లేచింది" అంది.

"నువ్వు వద్దనలేదా?"

"నేనే మంచినీళ్ళు అడిగాను."

మిషను ఆపాను. లోపల మంచం మీద మా అత్తగారు కూడా కదలడం మానేసింది.

"దాహమేసిందా?" అన్నాను.

"లేదు" అంది.